కుడివైపు పళ్ళ చక్రాలు

బైలదిల్లా కొండను తవ్వి ఓడలకెత్తుతున్న రోజుల్లో కిరందుల్‌కు రైళ్ళ కొదవేమీ లేదు. ముందు మూడేసి ఇంజన్లు కట్టుకుని, ఎర్రటి ఇనప ఖనిజం మోసుకుంటూ బండ్లు విశాఖ రేవుకు పోతూనే ఉండేవి. బండి కదిలితే క్వార్టర్లలో గిన్నెలు కదిలేవి. పాలు పొంగితే పాలు ఎర్రగా, బట్టలారేస్తే బట్టలు ఎర్రగా. రైలు పేరెత్తితేనే ఆడవాళ్ళు మొహం చిట్లించుకునే ఊరు. అలాంటి ఊళ్ళో పొద్దంతా ఆ రైళ్ళకు మన్ను నింపి, సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా పెరట్లో కూర్చుని మళ్ళీ రైలుతోనే ఆడుకునే మహానుభావుడొకడు ఉండేవాడు. పేరు వెంకటనారాయణ. లోడింగ్ ప్లాంటులో కన్వేయర్ బెల్టు ఫోర్‌మన్.

ఆయన పుట్టింది తర్లగూడ అవతల, వరి, మిర్చి తప్ప వేరే మాట లేని ఇంట్లో. తండ్రి అరక కట్టమంటే ఈయన మూట కట్టి కొండెక్కాడు. నౌకరీ దొరికింది, క్వార్టరు దొరికింది, నాగేశ్వరమ్మతో పెళ్ళి అయింది, ఒక కూతురు పుట్టింది. ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ బదిలీ మీద పోతున్న ఒక పెద్దాఫీసరు సామాన్లు లారీలో పట్టక, మోచెయ్యంత పొడుగున్న ఆట రైలింజనునూ కొన్ని పట్టాలనూ ఈయన చేతిలో పెట్టి, ‘పిల్లలకివ్వు’ అని పోయాడు. పిల్ల చెయ్యి పడితే పాడవుతుందని వెంకటనారాయణ దాన్ని అటక మీద దాచాడు. దాచినవాడు మర్నాడే దించాడు. ఆ తర్వాత అది మళ్ళీ అటకెక్కలేదు, ఆయన మళ్ళీ నేలకు దిగలేదు.

క్వార్టరు వెనక వరండా దాటగానే కొండవాలు మొదలవుతుంది. ఆ వాలు కుడిచేతి వైపు పల్లంగా ఉండి, ఎడమకు పోయేకొద్దీ లేస్తుంది. వెంకటనారాయణ దాని వెంబడి కుడి నుంచి ఎడమకు ఎక్కేలా పట్టాలు పరిచాడు. ఖనిజం రాళ్ళు చిన్నచిన్నగా కొట్టి కంకర పోశాడు, వెదురు ముక్కలతో వంతెన కట్టాడు, పైన అట్టపెట్టె అంత స్టేషను పెట్టాడు. పట్టాలకూ కొండకూ మధ్య చాప వెడల్పు జాగా మిగిలితే అందులో నాగేశ్వరమ్మ చిక్కుడు పాదు వేసుకుంది. వరండాలో ఆయన కుర్చీ, పట్టాల అవతల ఆమె పాదు. కాపురం అలా రైలు లైనుకు చెరో పక్కా సాగిపోయింది. ఆయనకు అది అన్యోన్య దాంపత్యం అనే నమ్మకం.

కష్టమల్లా ఆ ఇంజనుతోనే వచ్చింది. అది చువ్వల ఇంజను, అంటే చక్రాలను పొడుగాటి ఇనప చువ్వలు తిప్పే రకం. సాపు నేల మీద రాజాలా పోయేది. వాలు ఎక్కమంటే సగం దూరం వెళ్ళి చక్రాలు గిర్రున తిరిగి కిందికి జారేది. ఏళ్ళ తరబడి అది ఎక్కడం, జారడం, ఈయన కుర్చీలోంచి ‘అయ్యో’ అనడం. మనిషన్నవాడు వాలు తగ్గించుకుంటాడు. అభిరుచి గలవాడు అలా తగ్గిస్తే పరువేం కావాలి? వాలు అలాగే ఉండాలి, ఇంజనే కొత్తది రావాలి. ఎలాంటిది? పళ్ళ చక్రాల ఇంజను. వెనకటి కాలంలో ఎక్కడో విదేశాల్లో, కొండల మీద దుంగలు మోయడానికి చేసినది. ఆవిరి తోసే బలం పళ్ళ చక్రాల మీదుగా ప్రతి చక్రానికీ అందుతుంది కాబట్టి నత్తలా పోయినా గోడలాంటి వాలెక్కుతుంది. అది కొండెక్కడం ఈ చుట్టుపక్కల ఎవరూ కళ్ళారా చూసింది లేదు. చూడనిదాని మీద ప్రేమ ఎంత గట్టిగా ఉంటుందో వేరే చెప్పాలా?

ఈ పిచ్చికి ఊళ్ళో ఇంకో ఇద్దరు తోడు దొరికారు. ఒకడు రామనర్సయ్య, క్రషరు దగ్గర ఎలక్ట్రీషియను, భద్రాచలం వైపువాడు. రెండో మనిషి తాయారమ్మ, టౌన్‌షిప్ బడిలో లెక్కల టీచరు, విశాఖ మనిషి. ఆదివారం వచ్చిందంటే ముగ్గురూ ఆ వరండాలో చేరి కొత్త ఇంజను గురించి కోరికలు కోరుకునేవాళ్ళు. నాగేశ్వరమ్మ చాయ్ ఇచ్చి పాదు దగ్గరికి పోయేది. కోరికల్లో ఆమెకు వాటా లేదు, చాయ్‌లో మాత్రం ఉంది, అది కాచే వాటా.

ఊళ్ళోకి ఇంటర్నెట్టున్న కంప్యూటరు దుకాణం వచ్చిన కొత్తలో ఈ కోరికలు ఖండాంతరాలు దాటాయి. విదేశంలో ఇంత పెద్ద కొలతలో ఆట రైళ్ళు చేసే కంపెనీ ఒకటి, ఏటా ‘మీకేం ఇంజను కావాలి’ అని అభిమానులను అడిగేది. తాయారమ్మ ఇంగ్లీషులో కొడుతుంటే మిగతా ఇద్దరూ వెనక నిలబడి సరిదిద్దేవాళ్ళు. ప్రపంచం నలుమూలల నుంచీ కోరికలు కుప్పలుగా పడేవి. చక్రం ఇంకో వెంట్రుకవాసి చిన్నది కావాలని ఒకడు, ఇత్తడితో చెయ్యాలి గానీ రేకు ధరకే ఇవ్వాలని ఇంకొకడు. పొగగొట్టం మీద తుప్పు కూడా నిజంలా ఉండాలని ఇంకో పెద్దమనిషి పట్టు. వీళ్ళు చెప్పినట్టే చేస్తే ‘నేను అప్పుడే మనసు మార్చుకున్నాను’ అనే రకం అందరూ. కంపెనీవాడికి తెలివి ఉంది కాబట్టి చాలా ఏళ్ళు ఏదీ చెయ్యలేదు.

కిరందుల్ ముగ్గురిలోనూ మాట కలిస్తే ఒట్టు. పళ్ళ చక్రాల ఇంజన్లలో మూడు రకాలున్నాయి, వీళ్ళూ ముగ్గురున్నారు. ఇంకేం కావాలి.

“క్లైమాక్సు రావాలన్నా,” అనేవాడు రామనర్సయ్య. “రెండు పక్కలా ఏటవాలు సిలిండర్లుంటయి. ఎటు జూసినా పని జేస్తనే కనపడ్తది.”

“హైస్లర్ అండీ,” అనేది తాయారమ్మ. “బాయిలరు కిందే రెండు సిలిండర్లు, కత్తెర విప్పినట్టు. అన్నిటికంటే వేగం దానిదే.”

“కొండెక్కే దానికి వేగమెందుకు టీచరమ్మా,” అని కొట్టిపారేసేవాడు వెంకటనారాయణ. ఆయన ప్రాణమంతా షే ఇంజను మీదే. దాని కుడివైపున మూడు సిలిండర్లు నిలువుగా నిలబడి ఉంటాయి. అవి కింద పొడుగాటి ఇరుసును తిప్పుతాయి, ఇరుసు పళ్ళ చక్రాలను, పళ్ళ చక్రాలు బండి చక్రాలను. ఆ ఆటంతా బయటికే, కళ్ళెదుటే. “కుట్టు మిషను తిరిగినట్టు తిరుగుతది. కుర్చీల కూసోని అది చూస్తా ఉంటే చాలు నాకు. ఇంకేం వద్దు,” అనేవాడు. ఈ మాట కూతురి పెళ్ళి చూపుల్లో కూడా అన్నాడు. పెళ్ళికొడుకు తరపువాళ్ళు అల్లుడి గురించే అన్నాడనుకుని సంతోషించారు.

ఇలా కోరుకుంటూ కోరుకుంటూ ఉండగానే రిటైర్మెంటు దగ్గరపడింది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. క్వార్టరుతో వరండా పోతుంది, వరండాతో కొండవాలు పోతుంది. భద్రాచలం అవతల కూతురి ఊళ్ళో తీసుకున్న రెండు గదుల ఇంటి చుట్టూ పలకలా సాపు నేల. అక్కడ ఏ ఇంజనైనా పోతుంది, ఇక పళ్ళ చక్రాలెందుకు? ఆ వాలు మీద షే ఇంజను ఒక్కసారి, కింది నుంచి పైదాకా ఎక్కితే చూడాలి. అంతే ఆయనకు మిగిలిన ఆశ. రాత్రుళ్ళు అదే కలవరింత, పగళ్ళు అదే లెక్క. మొహం చిన్నబోయి తిరుగుతుంటే బిడ్డ మీద బెంగేమోనని ప్లాంటులో వాళ్ళు జాలిపడ్డారు.

ఏమైందో ఏమో, ఆ ఏడు కంపెనీకి బుద్ధి మారింది. షే ఇంజను చేస్తున్నామని ప్రకటించింది. రామనర్సయ్య ముఖం మాడ్చుకున్నాడు, తాయారమ్మ ‘కానివ్వండి’ అని పెదవి విరిచింది. వెంకటనారాయణ మాత్రం నేల మీద లేడు. ఖరీదు సంగతి ఇక్కడ ఎత్తకపోవడమే మంచిది. నాగేశ్వరమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇంజను విశాఖకు చేరాక, అలిగిన రామనర్సయ్యే వెళ్ళి, ప్యాసింజరు బండిలో దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, సొరంగాలన్నీ దాటించి తెచ్చాడు. కోపం కోపమే, ఇంజను ఇంజనే.

క్వార్టరు తాళాలు అప్పగించే వారంలో, ఒక ఆదివారం పొద్దున ముహూర్తం కుదిరింది. సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది. వెంకటనారాయణ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఇంజనుకు పసుపు కుంకుమ పెట్టబోతే రంగు పోతుందేమోనని భయం వేసి పట్టాలకు పెట్టాడు. కుర్చీలో కూర్చుని, ఊపిరి బిగబట్టి, చేతిలో రిమోటు మీట నొక్కాడు.

ఇంజను కదిలింది. చువ్వల ఇంజను జారే చోటు దాటింది. వెదురు వంతెన ఎక్కింది. ఎక్కడా తడబడలేదు, గింజుకోలేదు, టకటకమని చప్పుడు చేసుకుంటూ తన పాటికి తను ఎక్కుతోంది. రామనర్సయ్య చప్పట్లు కొట్టడానికి చేతులెత్తి అలాగే ఆగిపోయాడు.

సిలిండర్లు ఏవి? ఇరుసు ఏది? పళ్ళ చక్రాలు ఏవి? వరండాలోంచి చూస్తే నున్నటి నల్లటి బాయిలరు, దాని కింద మామూలు చక్రాలు. గోడకు చక్రాలు కట్టి తోస్తున్నట్టుంది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అవతల చిక్కుడు పాదులో వంగి ఉన్న నాగేశ్వరమ్మ లేచి నిలబడింది.

“ఏమయ్యా, ఇటు దిక్కు అన్నీ తిరుగుతున్నయి గదా,” అంది. “మీరంతా ఆడ కూసోని ఏం జూస్తున్నరు?”

విషయం చిన్నదే. ఇంజను కుడి నుంచి ఎడమకు ఎక్కుతోంది. అలా పోయేదాని ఎడమ పక్కే వరండాకు కనపడుతుంది. కుడి పక్క, అంటే ఆ మూడు సిలిండర్లూ, ఆ ఇరుసూ, ఆ పళ్ళ చక్రాలూ, కుట్టు మిషను సంబరమంతా కొండకూ చిక్కుడు పాదుకూ. ఆ ఇంజనుకు ఎన్ని పళ్ళుంటాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు వెంకటనారాయణ. తన కుర్చీ దానికి ఏ పక్కన పడుతుందో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. కూర్చుని చూడ్డానికే కోరుకున్న ఇంజను, కూర్చున్న చోటికి కనపడదు. ఇంత చక్కటి పొరపాటు చెయ్యాలంటే మామూలువాళ్ళ వల్ల కాదు, ఎంతో అభిరుచి ఉండాలి.

“నా క్లైమాక్సైతే రెండు దిక్కులా కనపడేది,” అన్నాడు రామనర్సయ్య మెల్లిగా. ఆ మాట అనకుండా ఉండగలిగితే అతను రామనర్సయ్య ఎందుకవుతాడు.

“పోనీ, ఇంజను తిప్పి పెట్టండి,” అంది తాయారమ్మ. “తోకవైపు నుంచి ఎక్కనివ్వండి. అప్పుడు కుడివైపు మనకే వస్తుంది కదా.”

వెంకటనారాయణ ఆమెను కులం తప్పమన్నవాణ్ణి చూసినట్టు చూశాడు. “కొండెక్కే ఇంజను ముందుకే జూడాలె. తోకతో ఎక్కితే బాయిలర్ల నీళ్ళు ముందుకు జారతయి, పొయ్యి నెత్తి మీద నీళ్ళుండవు. పేలిపోతది.”

“ఇందులో నీళ్ళెక్కడివండీ? సెల్లులు కదా.”

“సెల్లులే. మనకు తెలుసు. పద్ధతి అని ఒకటుంటది గదా.”

రామనర్సయ్య స్నానాల గదిలోంచి అద్దం ఊడబెరికి తెచ్చి చిక్కుడు పందిరికి ఆనించాడు. వరండాలోకి పళ్ళ చక్రాలు కనపడ్డాయి, చక్కగా తిరుగుతూ కనపడ్డాయి. వెంకటనారాయణ కాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. “అద్దంల కుడి ఎడమైతది. ఎడమ దిక్కు సిలిండర్లున్న షే ఇంజను లోకంల లేదు,” అన్నాడు. మరి నువ్వే లేచి అటువైపు వెళ్ళి చూడొచ్చు కదా అని ఆయనను ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం లేక కాదు, ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. అక్కడ కుర్చీ పట్టదు, అది చిక్కుడు పాదు చోటు, నాగేశ్వరమ్మ చోటు. ఇద్దరు అతిథులూ ఉప్మా తిని, ఇంజను గొప్పదేనని ఒప్పుకుని వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం సగంలో లేచాడు. సామాన్లు సర్దుతూ నాగేశ్వరమ్మ చూసింది. తిండి మానేసిన మొగుణ్ణి చూస్తే ఆమెకు ముందు కోపం వచ్చింది, తర్వాత జాలేసింది.

“ఇటు దిక్కు వొచ్చి జూడరాదు?” అంది. “పాదు ఎట్లాగూ పీకేసేదే. తొక్కితే తొక్కినవ్.”

వెంకటనారాయణ పట్టాల మీదుగా కాలెత్తి వేసి అటువైపు దిగాడు. పాదు వేశాక అటు దిగడం అదే మొదలు. ఒంగి, చిక్కుడు ఆకుల మధ్య గొంతుక్కూర్చుని మీట నొక్కాడు. కింది నుంచి ఇంజను ఎక్కుతూ వచ్చింది. మూడు సిలిండర్లూ ఒకదాని తర్వాత ఒకటి పైకీ కిందికీ ఆడాయి. ఇరుసు తిరిగింది. పన్ను పన్నులో పడి, వదిలి, మళ్ళీ పడింది. ఆయన అనుకున్నది అనుకున్నట్టే ఉంది, ఇంకా బాగుంది. కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళ ఆశ తీరింది. ఇంత సంతోషం ఒక్కడే పట్టుకోలేకపోయాడు.

ఇంజనును కిందికి దింపి మళ్ళీ ఎక్కిస్తూ, “ఏమే, చూస్తున్నవా?” అని కేకేశాడు.

నాగేశ్వరమ్మ అప్పటికి వరండాలో ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. పని చేసీ చేసీ నడుము లాగుతుంటే కూలబడింది. ఆ కుర్చీలో ఆమె కూర్చోవడమూ అదే మొదలు.

“చూస్తున్న,” అంది.

“ఆడికేం కనపడ్తదే, గోడ తప్ప.”

“ఇంజను సంగతి నాకేం తెలుసు. నువ్వు కనపడ్తున్నవ్. పాదు కనపడ్తది. నీ కాళ్ళ కాడి బండ కనపడ్తది.” ఆమె కుర్చీలో కొంచెం ముందుకు వంగింది. ఇటూ అటూ చూసింది. “అన్నీ కనపడ్తయి గదయ్యా ఈడ్నుంచి.”

“కనపడక? వాలు మొత్తం కనపడాలనే ఆడ ఏసిన కుర్చీ.”

నాగేశ్వరమ్మ ఆయన కాళ్ళ కాడి బండ వైపు మళ్ళీ చూసింది.

“బిడ్డ పదో తరగతి సదివేటప్పుడు, వానల్ల, ఆ బండ మీదనే జారి పడ్డ నేను,” అంది. గొంతులో కోపం లేదు. “చెయ్యి ఇరిగింది. లేవరాక, నోరు పెగలక అట్లనే పడున్న. పక్క క్వార్టరు దుర్గమ్మ నీళ్ళకొచ్చి జూసి లేపింది. దవాఖాన్ల నువ్వేమన్నవ్? కుర్చీలకెల్లి ఆ దిక్కు కనపడదే, పట్టాల కట్ట అడ్డమొస్తది అన్నవ్.”

వెంకటనారాయణ పట్టాల కట్ట వైపు చూశాడు. అది ఆయన చీలమండ దాకా ఉంది.

“నేను నమ్మిన,” అంది నాగేశ్వరమ్మ. “మనిషి కనపడని జాగల పాదు పెట్టుకుంటినని నన్ను నేనే తిట్టుకున్న ఇన్నేండ్లు.”

ఏదో ఒకటి చెప్పాలి. కట్ట అప్పట్లో ఎత్తుగా ఉండేదని చెప్పొచ్చు, వాన జోరులో కనపడలేదని చెప్పొచ్చు.

“ఆ పొద్దు ఇంజను సగం దాకా ఎక్కి జారుతున్నది,” అన్నాడు. “దాన్ని జూస్తున్న.”

“నేను కనపడ్డనా లేదా?”

“కనపడ్డవ్.” ఆయన చేతిలో మీట అలాగే నొక్కి ఉంది. “లేస్తవనుకున్న.”

ఇంజను పైకి చేరి స్టేషను దగ్గరి చెక్క అడ్డుకు తగిలి ఆగింది. కదలడానికి దారి లేకపోయినా పళ్ళ చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, ఒక్కో పన్నూ లెక్కపెట్టుకోవచ్చు. వెంకటనారాయణ అటు చూడలేదు. కుర్చీలో ఉన్న భార్యనే చూస్తూ ఉండిపోయాడు. నాగేశ్వరమ్మ ఆ చూపు కోసం ఆగలేదు. లేచి, గిన్నెల పెట్టె ఇంకా కట్టలేదంటూ లోపలికి వెళ్ళిపోయింది.